మెహర్ నెలలో రెండు అమావాస్యలు

మా ఆయనకు తహసీలు కచేరీలో గుమాస్తా పని. జీతం నెలకు ఇరవై రెండు హాలీ రూపాయలు, నిజాం సర్కారు సిక్కా. నారాయణఖేడ్‌లో ఆ రోజుల్లో ఉర్దూ చదివి కచేరీలో కూర్చున్న మనిషంటే మాటలు కాదు. బజారులో నడుస్తుంటే అటొకరు ఇటొకరు లేచి నిలబడి "మున్షీసాబ్" అని సలాం చేసేవారు. ఆ సలాములతో ఆయనకు సగం కడుపు నిండేది. మిగతా సగం నింపడం నా వంతు.

మాకు అప్పు ఎందుకయిందో ముందు చెప్పాలి. మనూరు బాటలో మాకు నాలుగెకరాల చెలక ఉండేది. జొన్న, కంది పండేవి, వానలు బాగుంటే మినుములు కూడా. అందులో బావి తవ్విస్తే చెరకు పెట్టవచ్చని ఆయనకు బుద్ధి పుట్టింది. తవ్వగా తవ్వగా బండ తగిలింది. బండను పేల్చగా పేల్చగా అప్పు పెరిగింది. చివరికి ఆ బావిలో నీళ్ళకు బదులు పావురాలు చేరాయి. రెండు వందల రూపాయలు పెట్టి పావురాలకు ఇల్లు కట్టించిన వాళ్ళం ఆ తాలూకాలో మేమొక్కరమే.

అప్పిచ్చింది మా వాడలోని సావుకారి. ఆయనకు చదువు రాదు. అందుకని అప్పు పత్రం, అదే రుక్కా, ఎవరు రాయాలన్న మాట వచ్చినప్పుడు మా ఆయనే కలం అందుకున్నాడు. తన మెడకు తగిలే ఉరితాడును తానే పేనుకున్నాడు, అదీ ఎంతో అందంగా. ఇన్నేళ్ళు సర్కారు కాగితాలు రాసిన చెయ్యి కదా, మెత్తగా రాయడం దానికి చేతకాదు. ప్రతి అమావాస్యకు ఎనిమిది రూపాయలు కట్టాలి. ఏ అమావాస్యకు కట్టకపోయినా, ఒక్క రోజు గడువు కూడా అడగకుండా, దొడ్లో ఉన్న బర్రెను సావుకారి తోలుకుపోవచ్చు. "ఒక్క రోజు గడువు కూడా" అన్న మాట సావుకారి అడగలేదు. రుక్కా నిండుగా ఉండాలని మా ఆయనే చేర్చాడు. ఇంటికి వచ్చి ఆ మాట నాకు రెండుసార్లు చదివి వినిపించాడు, మెచ్చుకుంటానని.

ఆ బర్రె నాది. దుడ్డెగా ఉన్నప్పుడు మా అమ్మ ఇచ్చి పంపింది. నా చేతి కుడితి తాగి పెరిగింది. నేను తప్ప ఎవరు చెయ్యి వేసినా పాలు ఎగబట్టేది. దాని పాలు పిల్లలకు పోగా మిగిలినవి తోడుపెట్టి రెండిళ్ళకు పెరుగు పోసేదాన్ని, వారం వారం అంగడికి నెయ్యి పంపేదాన్ని. నెలకు మూడు నాలుగు రూపాయలు కందిపప్పు కుండలో పడేవి. జీతం చాలని ప్రతిసారీ ఆ కుండలోకే చెయ్యి పోయేది. ఆ చెయ్యి మా ఆయనది కాదు గనుక ఆయనకు ఆ సంగతి తెలియదు.

అది దీపావళి నెల, సర్కారు లెక్కలో ఆజర్ నెల. సర్కారు ఏడాది దానితోనే మొదలవుతుంది. కచేరీలో కొత్త సాలుకు మవాజనా తయారు చేస్తున్నారు. మవాజనా అంటే ఏడాదికి రాబడి ఎంత, పోబడి ఎంత అని ముందుగానే రాసిపెట్టే పట్టిక. అది చూసి మా ఆయనకు ఇంటికి కూడా మవాజనా ఉంటే అప్పు దానంతటదే తీరిపోతుందని తోచింది. రెండు రోజులు సెలవు పెట్టి, కచేరీ నుంచి తెచ్చిన పెద్ద కాగితం మీద ఎర్ర సిరాతో గీతలు కొట్టి, నల్ల సిరాతో ఉర్దూలో రాశాడు. ఇంట్లో ఆయన తప్ప ఉర్దూ చదివే ప్రాణి లేదు. ఉన్నవాళ్ళం నేను, ముగ్గురు పిల్లలు, బర్రె.

పన్నెండు నెలలకు పన్నెండు వరుసలు. ఆజర్, దై, బహ్మన్ అంటూ ఆబాన్ దాకా. ప్రతి వరుసలో జీతం ఒకసారి, సావుకారి కిస్తీ ఒకసారి. తరువాత పద్దులు. జొన్నలు, ఉప్పు, నూనె, బట్టలు. ఆయన తమలపాకులు, వక్కలు, చాకలి, టోపీ ఇస్త్రీ ఇవన్నీ "సర్కారీ ఖర్చు" కింద వేరే పద్దు. దాన్ని తగ్గించడానికి లేదు, సర్కారుకు అవమానం. నేను అడిగినవన్నీ "ముతఫర్రిఖాత్" కింద పడ్డాయి. అంటే చిల్లర మల్లర ఖర్చులు. కుంకుడుకాయలు, పిల్లలకు జ్వరం వస్తే మందు, ఇంటికి చుట్టం వస్తే చక్కెర, పగిలిన కుండకు బదులు కుండ, అన్నీ కలిపి నెలకు ఒక రూపాయి. పిల్లల జ్వరమూ కుంకుడుకాయలూ ఒకే రూపాయిలో సర్దుకోవాలి. ఒక నెల పెద్దపిల్లకు జ్వరం వచ్చింది, అందరం తలంటు మానేశాం.

ఏదైనా కొనాలంటే మంజూరు ఉండాలి. కచేరీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుని, "ఏమన్న దరఖాస్తులున్నయా?" అని అడిగేవాడు. నేను చీపురు కావాలని విన్నవించుకోవాలి. పాత చీపురు ఏమైందని విచారణ. పాత చీపురు హాజరు పరచాలి. అది చూసి, ఇంకా ఒక నెల ఊడవవచ్చని తీర్పు. ఒకరోజు ఉప్పు అయిపోయిందని చెబితే, ఆ నెల ఉప్పు పద్దు అయిపోయిందని, వచ్చే నెలదాకా ఆగమని అన్నాడు. ఆ పూట నేను ఉప్పు లేని పప్పు పెట్టాను. రెండో ముద్దకే మంజూరు దొరికింది.

ఇక్కడిదాకా నవ్వుకోవడానికే. నేనూ నవ్వుకున్నాను. పొరుగింటి అక్కకు చెప్పి నవ్వించాను కూడా.

నవ్వు ఆగింది బహ్మన్ నెలలో. మార్గశిర అమావాస్యకు వచ్చే ఎళ్ళమాస పండుగకు చెలకకు పోయి, ఆకుకూరల బజ్జీ, అంబలి తిని వచ్చిన మరునాడు ఆయన కాగితం ముందు పెట్టుకుని కూర్చుని దాణా పద్దు మీద వేలు పెట్టాడు. బర్రెకు పత్తిగింజలు, గానుగ పిండి కలిపి నెలకు రెండున్నర రూపాయలు అవుతున్నాయి. "గడ్డి తింటలేదా?" అన్నాడు. గడ్డి తింటే బతుకుతుంది, దాణా తింటే పాలిస్తుంది అని చెప్పాను. పెరుగు అమ్మిన పైసలు, నెయ్యి పైసలు అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, ఒకే మాట అడిగాడు.

"పాల ఆమ్దనికి రసీదున్నదా?"

పెరుగు కొన్న ముసలమ్మ దగ్గర రసీదు ఎవరు రాయించుకుంటారు? రసీదు లేని రాబడి మవాజనాకు ఎక్కదన్నాడు. దాణా మాత్రం కొట్లో చిట్టీ మీద వస్తుంది గనుక ఖర్చు కింద ఎక్కింది. అలా ఆ కాగితం మీద నా బర్రె తినేది మాత్రం ఉంది, ఇచ్చేది లేదు. ఎర్ర సిరాతో దాణా పద్దు కొట్టేశాడు. ఆ సాయంత్రం ఆయన ముఖంలో ఉన్న సంతోషం పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

బర్రె ఆ రోజుల్లోనే సూడి కట్టింది. బతుకమ్మ పండుగ వెళ్ళాక ఈనాలి. ఈనే ముందు ఎలాగూ వట్టిపోయేదే, కాని దాణా లేక మూడు నెలలు ముందే వట్టిపోయింది. పక్కటెముకలు తేలాయి. నేను కంది పొట్టు, కడుగునీళ్ళు, అడిగి తెచ్చిన చెరకు ఆకు పెట్టి దాని ప్రాణం నిలబెట్టాను. కందిపప్పు కుండలో పైసలు పడడం ఆగిపోయింది. తీయడం మాత్రం ఆగలేదు. మవాజనాలో లేని ఖర్చులు మా ఇంటికి రోజూ వచ్చేవి, వాటికి ఆ కాగితం సంగతి తెలియదు కదా.

ఇక అమావాస్య సంగతి. సర్కారు నెల ముప్పై, ముప్పై ఒక్క రోజులు. సావుకారి నెల చంద్రుడిది, అమావాస్య నుంచి అమావాస్యకు ఒక రోజో రోజున్నరో తక్కువ. అప్పు తీసుకున్న దీపావళి అమావాస్య ఆజర్ పన్నెండో తారీఖున పడింది. అది నెల నెలకూ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ వచ్చింది. వాకిట్లో నిలబడి ఆకాశం చూసే ఏ ఆడదానికైనా ఇది తెలుస్తుంది. ఎర్ర గీతల మధ్య చూసే మనిషికి తెలియదు.

సర్కారు ఏడాదిలో పదకొండో నెల మెహర్. ఆ నెల ఒకటో తారీఖున అంతకుముందు నెల జీతం వచ్చింది. రెండో తారీఖున అమావాస్య. ఆయన ఎనిమిది రూపాయలు కట్టి, రుక్కా వెనక గుర్తు వేయించుకుని వచ్చాడు. అన్నం పెడుతూ చెప్పాను.

"గీ మహీనా ఆఖర్ల ఇంకో అమాస పడ్తది. జీతం దాని తెల్లారి వస్తది. ఎనిమిది రూపాలు గిప్పుడే పక్కకు పెట్టు."

ఆయన ముద్ద ఆపి నవ్వాడు. ఒక మహీనాకు ఒక జీతం, ఒక కిస్తీ అన్నాడు. లేచి చెయ్యి కడుక్కుని, కాగితం తెచ్చి, మెహర్ వరుస చూపించాడు. అందులో కిస్తీ నిజంగానే ఒక్కటే ఉంది. చంద్రుడు ఆ కాగితం చూసుకుని నడవాలని ఆయన ఉద్దేశం.

"ఆడోళ్ళ లెక్కలు మవాజనాల నడువయి" అన్నాడు చివరికి.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇక చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నాను. ఇరవై తొమ్మిది రోజులు. పదో తారీఖున ఆయన ఐదు రూపాయలు పెట్టి కొత్త రూమీ టోపీ కొన్నాడు. ఎర్రటిది, నల్ల కుచ్చుది. ఆ నెల బట్టల పద్దులో మంజూరై ఉందట. దాన్ని పెట్టుకుని అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంటుంటే నేను గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఒక్క మాట అనవచ్చు. టోపీ వాపసు ఇస్తే ఐదు రూపాయలు వెనక్కి వచ్చేవి, నా కుండలో మూడు రూపాయలున్నాయి, కిస్తీ సరిపోయేది. నేను రాళ్ళు ఏరుకున్నాను. ఆయన కాగితం బోర్లా పడితే చూడాలని నాకు అంత ముచ్చటగా ఉంది. ఒక్క రోజే కదా, తెల్లవారితే జీతం వస్తుంది, సావుకారి ముందు కాస్త చెమట పడుతుంది, బుద్ధి వస్తుంది అనుకున్నాను. రుక్కాలో ఆయన చేర్చిన మాట నాకు రెండుసార్లు చదివి వినిపించాడని చెప్పాను కదా. విని కూడా మరిచాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది ఇదొక్కటే.

ఆ ఏడు అధిక మాసం పడింది గనుక ఆ రెండో అమావాస్య పొలాల అమావాస్య అయింది. పశువుల పండుగ. ఊళ్ళో అందరూ ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి ఊరేగిస్తారు. మా ఎడ్లు బావి తవ్వకంలోనే అమ్ముడుపోయాయి. అందుకని పిల్లలు బర్రెకే పండుగ చేశారు. చెరువుకు తోలుకుపోయి కడిగారు, కొమ్ములకు ఎర్రటి జాజు పూశారు, బంతిపూల దండ వేశారు. నేను పసుపు కుంకుమ పెట్టి బెల్లం రొట్టె తినిపించాను. కడుపుతో ఉన్న బర్రె, మా కళ్ళకు నిండుగా ఉంది.

ఎడ్ల ఊరేగింపు అయిపోయాక సావుకారి వచ్చాడు. వెంట ఆయన జీతగాడు, చేతిలో కొత్త తాడు. పండుగ చూడడానికి వచ్చాడేమో అనుకుని మా ఆయన పీట వేయించాడు. సావుకారి కూర్చోలేదు. ఇవ్వాళ్టి కిస్తీ సంగతి ఏమిటన్నాడు.

మా ఆయన ముందు నవ్వాడు, తరువాత మెహర్ కిస్తీ రెండో తారీఖునే కట్టానన్నాడు, తరువాత లోపలికి పోయి మవాజనా తెచ్చాడు. నిజంగానే తెచ్చాడు. చదువురాని మనిషి ముందు ఆ పెద్ద కాగితం విప్పి, మెహర్ వరుస మీద వేలు పెట్టి చూపించాడు. సావుకారి ఆ గీతలను మర్యాదగా చూశాడు.

"మున్షీసాబ్, గదంత నాకేం ఎరుక. ఇయ్యాల అమాసనా, కాదా?"

అప్పుడు మా ఆయన గొంతు తగ్గింది. రేపు ఒకటో తారీఖు, జీతం చేతికి రాగానే కచేరీ నుంచి నేరుగా తెచ్చిస్తాను, ఒక్క రోజు ఆగమన్నాడు. సావుకారి నడుముకున్న సంచిలో నుంచి రుక్కా తీసి ఆయన చేతిలోనే పెట్టాడు.

"నాకు సదువు రాదు. మీరే రాసిండ్రు, మీరే సదువుండ్రి. ఒక్క దినం ఆగుమని ఉంటే ఆగుత."

మా ఆయన చదివాడు. ముందు ఉర్దూలో, తరువాత తెలుగులో. చదువుతున్నప్పుడు గొంతు దానంతటదే కచేరీ గొంతయింది. "ఒక్క రోజు గడువు కూడా" అన్న చోట ఆగాడు. ఆ మాట ఆయన ఎంత బాగా రాశాడో అప్పుడు అందరికీ అర్థమైంది.

నేను లోపలికి పోయి కందిపప్పు కుండ బోర్లించాను. మూడు రూపాయలు తెచ్చి సావుకారి ముందు పెట్టాను. చిలక్కొయ్యకు తగిలించిన టోపీ కూడా తెచ్చి వాటి పక్కన పెట్టాను.

"ఐదు రూపాలదన్నా. గిది తీస్కపో, బర్రెనిడువు."

జీతగాడు నవ్వాడు. సావుకారి నవ్వలేదు. వద్దు చెల్లె, నెత్తి మీదిది తీసుకుంటే పాపం అన్నాడు. సూడి బర్రెను తీసుకుంటే పాపం లేదు కాబోలు. ఈనడానికి ఇంక నెలన్నర కూడా లేదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ చూపు ఎళ్ళమాస నుంచే మా దొడ్డి మీద ఉంది.

జీతగాడు తాడు వేసి లాగాడు. బర్రె కదలలేదు. తోకను మెలితిప్పాడు, వీపు మీద చరిచాడు. అది గుంజ చుట్టూ తిరిగి నా వైపే ముఖం పెట్టింది. చిన్నపిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఇంక చూడలేక తాడు నేను తీసుకున్నాను. నేను ముందు నడిస్తే అది నా వెనకే వచ్చింది, మేతకు వచ్చినట్టే. నాలుగిళ్ళ అవతల సావుకారి దొడ్డి. అక్కడి గుంజకు నా చేతులతో నేనే కట్టేసి వచ్చాను. జాజు పూసిన కొమ్ములతో, మెడలో బంతిపూలతో.

మరునాడు ఆబాన్ ఒకటో తారీఖు. ఇరవై రెండు రూపాయల జీతం వచ్చింది.

మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు, నిజం చెప్పాలి. రెండు రోజులు తల దించుకునే తిరిగాడు. మూడో రోజు సావుకారి కబురు పెట్టాడు. బర్రెకు యాభై రూపాయలు కట్టి అప్పులో తీసేశాడట, ఇకనుంచి కిస్తీ ఎనిమిది కాదు, ఆరు చాలట. ఆ మాట వినగానే మా ఆయన తల కొంచెం లేచింది. ఆజర్ వచ్చేసరికి పూర్తిగా లేచింది. కొత్త కాగితం, కొత్త ఎర్ర గీతలు. రాసి ముగించి నన్ను పిలిచి చదివి వినిపించాడు. కిస్తీ తగ్గింది. దాణా సున్న. గడ్డి సున్న. నెలకు మూడు రూపాయలు మిగులు. పోయినేడు లేదు, ఈ ఏడు మవాజనా మిగులు చూపిందని అన్నాడు. ఆయన ముఖం చూశాను. ఎగతాళి కాదు, నన్ను ఓదారుస్తున్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

పిల్లలకు పాలు లేవని చెప్పాను. వాళ్ళు అప్పటికి నెలల తరబడి ఒట్టి జొన్నగట్క తింటున్నారు. ఆయన ఆలోచించి, మిగులు ఉంది గనుక రోజుకు అర్ధ సేరు పాలు మంజూరు చేశాడు. వాడలో పాలు అమ్మే ఇల్లు ఒక్కటే. అప్పటికి బర్రె ఈని వారం దాటింది, ఆడ దూడ. పత్తిగింజలు పెడుతున్నారు, వెన్ను నిండింది. అయినా సావుకారి ఇంట్లో ఎవరు కూర్చున్నా పాలు ఎగబట్టేస్తోంది. నేను చెంబు పట్టుకుని దొడ్లోకి పోగానే అది తల ఎత్తి గొంతులో గురగురలాడింది. సావుకారి భార్య నా చేతికి చెంబు బదులు బిందె ఇచ్చింది. మూడు సేర్లు పితికి ఇచ్చాను. అందులో నుంచి అర్ధ సేరు కొలిచి నా చెంబులో పోసి, పైసలు అమాసకు ఇస్తే చాలంది.

ఇంటికి వచ్చి అదే చెప్పాను. పాల పైసలు అమాసకు ఇవ్వాలట అన్నాను. ఆయన కలం సిరాలో ముంచి, కాగితం మీద పెట్టబోయి ఆగాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏ మహీనాల ఎన్ని అమాసలు పడ్తయో జర చెప్పు."

పదహారేళ్ళ కాపురంలో ఆయన నన్ను లెక్క అడగడం అదే మొదలు. గడపలో కూర్చుని వేళ్ళు మడిచి ఆజర్ నుంచి ఆబాన్ దాకా ఒక్కొక్కటీ చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ఆ ఏడు మా ఇంటి మవాజనాలో ఒక్క తప్పు దొర్లలేదు. నేను మాత్రం ఏడాది పొడుగునా పొద్దున్నే చెంబు పట్టుకుని పోయి, నా బర్రె పాలు నేనే పితికి, కొనుక్కుని తెచ్చుకున్నాను.